పింక్ సఫైర్ నిశ్చితార్థపు ఉంగరం: ఏళ్ల తరబడి పెట్టుకున్నాక

నగల షాపులోనో కల్యాణ మండపంలోనో చూసి ఈ రాయి మీద ఒక అభిప్రాయానికి రావద్దు. అక్కడి తెల్లటి ఎల్‌ఈడీ దీపాల కింద నా ఉంగరం కాస్త వెలిసినట్టు, కొంచెం ఊదా కలిసినట్టు ఉంటుంది. నిశ్చితార్థం ఫోటోల్లో అయితే అది గులాబీ రంగని చెబితే గానీ తెలియదు. ఏప్రిల్‌లో ఒంటిపూట బడి వదిలాక ప్రొద్దుటూరు ఎండలోకి వస్తే మాత్రం రాయి లోపల ఎవరో దీపం పెట్టినట్టు ఎర్రగా వెలుగుతుంది. ఈ రంగు ఇచ్చేది రాయిలో లేశమాత్రంగా ఉండే క్రోమియం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు సోకితే అది ఎర్రటి వెలుతురును తిరిగి బయటికి పంపుతుంది. ఇనుము తక్కువగా ఉండే శ్రీలంక రాళ్లలో ఈ గుణం బాగా కనిపిస్తుంది. ఇన్నేళ్ల ఎండకు నా రాయి రంగు పిసరంత కూడా తగ్గలేదు. గులాబీ రాళ్లలోనే కుంజైట్ అని ఒకటుంది, చూడటానికి ఎంతో బాగుంటుంది కానీ ఎండ తగిలేకొద్దీ వెలిసిపోతుంది. మన సీమలో రోజూ పెట్టుకోవడానికి అది పనికిరాదు.

గట్టిదనంలో కూడా దీనికి వంక పెట్టలేను. మా తోటికోడలి ఉంగరంలో ఉన్నది రోజ్ క్వార్ట్జ్. మోస్ కొలతలో దాని గట్టిదనం 7. మన వీధుల్లో లేచే దుమ్ములో ఉండే ఇసుక రేణువులూ అదే క్వార్ట్జ్, అదే 7. అందుకే ఆమె రాయి అంచులు అరిగి, పైన పొగ పట్టినట్టు అయింది. నాది 9. దాని పైన 10 దగ్గర ఉన్నది వజ్రమే. పింక్ వజ్రం సంగతి మనలాంటి వాళ్లు మాట్లాడుకునేది కాదు. ఆ రంగు వజ్రాల్లో చాలా భాగం వచ్చిన ఆస్ట్రేలియాలోని ఆర్గైల్ గని 2020లో మూతపడింది.

సఫైర్ అంటే నీలమే కదా, నీలం అందరికీ పడదని మొదట్లో మా అత్తమ్మ భయపడింది. కెంపు, నీలం, ఇది, మూడూ కురువిందం జాతి రాళ్లే. ఎరుపు ముదిరితే కెంపు అంటారు, లేతగా ఉంటే పింక్ సఫైర్ అంటారు. ఆ మాట విన్నాక, కెంపుకు చుట్టమేలే అని ఆమె ఒప్పుకుంది.

ఇక కొక్కేల విషయం. మా పెద్దవాళ్లు 916 బంగారం అయితేనే చేయించుకోమన్నారు. 22 క్యారెట్లంటే నూటికి 91.6 పాళ్లు బంగారమే, మెత్తగా ఉంటుంది. గాజులకు, గొలుసులకు అది బాగుంటుంది గానీ రాయిని పట్టుకునే సన్నటి కొక్కేలకు ఆ మెత్తదనం సరిపోదు. బోర్డు తుడిచినప్పుడు, బట్టలు పిండినప్పుడు తగిలి తగిలి ఒక కొక్కెం పైకి లేచింది. చీర కొంగుకు పట్టుకుంటుంటే చూసుకున్నాను. అప్పటికే వేలితో కదిపితే రాయి కదులుతోంది.

షాపుకు పోకుండా మా వీధి ఆచారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. నేను పక్కనే నిలబడి, అక్కడొక్కటీ అతుకు పెట్టేస్తే చాలదా అన్నాను. "రాయి తీసినాకనే మంట పెట్టేదమ్మా. వెలిగారం తగిలితే రాయి మొగం చెడిపోతాది" అన్నాడు. అతుకుకు వాడే ఆ వెలిగారం వేడి మీద ఈ జాతి రాళ్ల పైభాగాన్ని తినేస్తుందట. ఆయన రాయిని విడిగా తీసి, కాగితంలో చుట్టి నా చేతికే ఇచ్చి, అప్పుడు కొత్త కొక్కేలు అతికాడు. తొందరపడి మంట పెట్టేవాళ్లకి ఇచ్చి ఉంటే నా రాయి ఏమయ్యేదో. ఆయనకు ఎంత రుణపడి ఉన్నానో మాటల్లో చెప్పలేను.

మళ్లీ ఇలా కాకుండా, ఇంతకంటే గట్టిగా ఉండే 18 క్యారెట్లలో వేరే మోడల్‌కి మార్చుకుందామని బజారులో ఒక పెద్ద షాపుకు వెళ్లాం. వాళ్లు ఉంగరం తూచారు, రాయి బరువు తీసేశారు, మిగిలిన బంగారానికి రేటు కట్టారు. రాయికి సున్నా. "రాయి మీరే పెట్టుకోండమ్మా, మాకు బంగారుకే లెక్క" అన్నారు. మా పుట్టిల్లు పత్తికొండ వైపు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వజ్రాలు వెతుకుతారు. దొరికితే అక్కడికక్కడే వ్యాపారి డబ్బు చేతిలో పెడతాడు. అక్కడ పెరిగిన నాకు రాయికి విలువ లేదనే మాట మింగుడు పడలేదు.

నా కోపం ఈ షాపు మీద కాదు, మొదట అమ్మిన షాపు మీద. మా మామగారి దగ్గర రాయికి వేలకు వేలు తీసుకుని బిల్లులో 'కలర్ స్టోన్' అని మాత్రం రాశారు. ఫ్రాన్స్‌లో వెర్న్యూయ్ అనే ఆయన 1902లో మంటతో ఈ కురువిందం జాతి రాళ్లను తయారుచేసే పద్ధతి వెల్లడించాడు. ఆ రకం కృత్రిమ రాళ్లు ఇప్పుడు చాలా చవక. రంగు అదే, గట్టిదనం అదే, మామూలు కంటికి తేడా తెలియదు. అలాంటప్పుడు కాగితం లేని రాయిని ఎవరు నమ్ముతారు? అంత డబ్బు తీసుకున్నవాళ్లకు బిల్లులో రాయి పేరు రాయడం బరువైందా!

మా ఆయన పట్టుదలగా బెంగళూరులో పరీక్ష చేయించారు. సహజమైన రాయే, వేడి చేసి రంగు తేర్చిన గుర్తులున్నాయి అని రిపోర్ట్ వచ్చింది. చాలా సఫైర్‌లను వేడి చేస్తారు, ఆ రంగు పోదు కాబట్టి దానికి నాకు బాధ లేదు. రిపోర్ట్ చూపించినా మార్పిడిలో షాపు వాళ్ల మాట మారలేదు. చివరికి ఉంగరం మార్చుకోలేదు, ఆ కొత్త కొక్కేలతోనే పెట్టుకుంటున్నాను.

మెరుపు గురించి పైన అంత చెప్పాను గానీ, అది శుభ్రం చేసుకుంటేనే. సంగటి పిండి, నూనె, సుద్దముక్కల పొడి రాయి వెనక చేరితే ఎండలో కూడా మసకగానే ఉంటుంది. గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్ చాలు, ఆదివారం ఆదివారం చేస్తాను.

మా పెళ్లికి గాజులు, గొలుసు విడిగా పెట్టారు. అవసరానికి కుదువ పెట్టుకోవడానికి అవి ఉన్నాయి కాబట్టి ఈ ఉంగరం నుంచి తిరిగొచ్చే డబ్బు కోసం చూడాల్సిన పరిస్థితి నాకు రాలేదు. ఉన్నదంతా ఒకే నగ మీద పెట్టే ఇంటికైతే నేను దీన్ని చెప్పను, రాయి లేని బంగారు ఉంగరమే మేలు. మా చెల్లెలికి సంబంధం కుదిరింది, తనకూ ఇదే రాయి కావాలంటోంది. తను నర్సు, రోజంతా చేతికి గ్లవ్స్ ఉంటాయి, కొక్కేలు వాటిని చింపేస్తాయి. అందుకని చుట్టూ బంగారు అంచు కట్టి, 18 క్యారెట్లలో, బిల్లులో రాయి పేరు, బరువు రాసి రిపోర్ట్‌తో ఇచ్చే షాపు కోసం చూస్తున్నాం.