మూడేండ్ల సంది పల్స్ ఇండక్షన్ డిటెక్టర్ వాడుతున్న: ఉంగరానికి అరుస్తది, గొలుసుకు గమ్మునుంటది

ముందే చెప్తున్న, నేను గుప్తనిధులోన్ని కాదు. నల్గొండ చుట్టుపక్కల ఊర్లల్ల బోరు మోటర్లు దించుడు, పైపులైన్లు వేసుడు నా పని. మట్టి కప్పేసిన పాత కేసింగు ఏడుందో, జీఐ పైపు ఎటు తిరిగిందో గడ్డపారతోని పొడిచి పొడిచి చేతులు బొబ్బలెక్కినంక, మూడేండ్ల కింద మట్టి కింది లోహం పట్టే ఈ పల్స్ ఇండక్షన్ మిషన్ సెకండ్ హ్యాండ్‌ల తీసుకున్న. కంపెనీ పేరు అడగకుండ్రి, లోపలి బోర్డు ఒకరిది, కాయిల్ చుట్టింది ఇంకొకరు, దాని పేరు దానికే తెల్వదు. ఎనిమిదించుల గుండ్రటి కాయిల్ ఒకటి, మీటరు బై మీటరు పైపు ఫ్రేమ్ కాయిల్ ఒకటి, మూడు నాబ్‌లు. స్క్రీన్ లేదు, బొమ్మల్లేవు, ఒక్క కూత మాత్రమే.

మొదటి నెల బుర్ర ఖరాబైంది. సోడా మూతకు, బంగారు ఉంగరానికి, తుప్పు మేకుకు అన్నిటికీ అదే కూత, ఇదేం మిషన్రా నాయనా అనిపించింది. యూట్యూబ్‌ల చూపెట్టే మిషన్లు ఇనుముకు ఒక సౌండ్, వెండికి ఒక సౌండ్ ఇస్తయ్ కదా, అవి వేరే జాతి, వీఎల్ఎఫ్ అంటరు. పల్స్ మిషన్ లోహం పేరు చెప్పదు. అది చెప్పేది ఒక్కటే, కిందున్న వస్తువుల కరెంటు ఎంతసేపు తిరిగిందనేది. ఇది మెదడుకెక్కిన రోజే మిషన్ నాకు పనికొచ్చింది.

నాకు ఎట్ల ఎక్కిందంటే, మా ఊర్ల పిండి గిర్ని ఉండె. స్విచ్ బంద్ చేసినంక సుత దాని బరువు చక్రం చానసేపు తిరిగేది, అదే టేబుల్ ఫ్యాన్ అయితే నాలుగు చుట్లు తిరిగి ఆగుతది. గదే లెక్క. మిషన్ కాయిల్‌లకు సెకండ్‌కు కొన్ని వందల సార్లు కరెంటు పంపి టక్కున కట్ చేస్తది, ఆ దెబ్బకు కిందున్న లోహంల సుడి లెక్క కరెంటు పుడ్తది, మిషన్ కొన్ని మైక్రోసెకండ్లు ఆగి ఇంకా ఏమన్న తిరుగుతున్నదా అని చెవి పెడ్తది. ఆ ఆగే టైమే డిలే నాబ్. రాగి, వెండి, అల్యూమినియం మందంగ ఉంటే గిర్ని చక్రం, పల్చటి రేకు, సన్న కమ్మ అయితే టేబుల్ ఫ్యాన్. ఇనుముది ఇంకో కథ, దాంట్ల అయస్కాంత గుణం సుత కలిసి సిగ్నల్‌ను ఇంకా సాగదీస్తది, అందుకే తుప్పు పట్టిన నాగలి ముక్క అందరికంటె గట్టిగ అరుస్తది.

నా మిషన్‌ల డిలే 10 నుంచి 40 మైక్రోసెకండ్ల దాక ఉంది. 10 మీద పెడితే టాబ్లెట్ షీటు రేకు సుత వినపడ్తది. 25 దాటిచ్చినమంటే ఆ రేకులు మాయం, అమ్మయ్య అనుకుంటం, కానీ రేకులతోపాటు ఆడోళ్ల సన్న కమ్మలు సుత మాయమైతయ్, ఎందుకంటే రెండిటిలో కరెంటు దాదాపు ఒక్క తీరుగనే ఆరిపోతది. మనం వేసుకునే 22 క్యారెట్ బంగారంల రాగి, వెండి కలుస్తయ్ కాబట్టి మేలిమి బంగారం లెక్క కరెంటు పారదు, అది సుత ఒక దెబ్బ. రూపాయి బిళ్ల, పాత 20 పైసల అల్యూమినియం బిళ్ల మాత్రం 40 మీద సుత నిలబడ్తయ్. అయస్కాంతం అతకని స్టీలు గ్లాసు తమాషా, చూస్తే పెద్దగుంటది గానీ పల్చటి స్టీలు కాబట్టి డిలే పెంచుతుంటే గొంతు పడిపోతది. రేకు తప్పించుకుందామని డిలే పెంచేటోళ్లకు చిన్న బంగారం ఎప్పటికీ దొర్కదు, రాసిపెట్టుకోండ్రి.

ఇగ అసలు విషయం, లోహం కంటె ఆకారం ముఖ్యం. ఇది మీరు ఇంట్ల చేసి చూడొచ్చు. మోటరు చుట్టేటోళ్ల దగ్గర రాగి తీగ తెచ్చి గాజంత గుండ్రంగ చేసి రెండు కొసలు సోల్డర్ పెట్టిన, నా ఎనిమిదించుల కాయిల్ దాన్ని జానెడున్నర మీదికెళ్లి పట్టింది. అదే గాజును కట్టర్‌తో ఒక్కకాడ తెంపి కొసలు ఎడం చేసిన, అదే తీగ, అదే బరువు, ఇప్పుడు బెత్తెడు దూరం వస్తె గానీ కూయలె. కరెంటుకు చుట్టు తిరిగే తొవ్వ తెగిపోయింది, అంతే. మా ఇంటామె తులంన్నర గొలుసు పెట్టి చూసిన, నేనైతే మిషన్ పాడైందనుకున్న, కాయిల్ దాదాపు ఆనిస్తేనే చిన్నగ గురక పెట్టింది. గొలుసంటే మనకు ఒక్కటే వస్తువు గానీ మిషన్‌కు అది వందల చిన్న చిన్న రింగులు, ఒకదానికొకటి సరిగ్గ అంటుకోవు, ఒక్కోదాంట్ల కరెంటు పుట్టంగనే చస్తది. అందుకే గొలుసు పోయిందని ఎవరన్న పిలిస్తే ఫస్ట్ అడిగేది లాకెట్ ఉందా, పుస్తెలున్నయా, కొక్కెం ఎట్లాంటిది అని. వెతికేది వాటిని, గొలుసును కాదు.

పోయినేడు చండూరు దిక్కు ఒక పత్తి చేన్ల ఏరుతుంటే ఒక చెల్లె పుస్తెలతాడు చెట్టుకు తట్టుకొని తెగి ఒక పుస్తె పడిపోయింది. నేను పోయేసరికి సగం ఊరు చేన్లనే ఉంది. డిలే 10 మీద పెట్టి మొదలుపెట్టిన, రెండు సాళ్లు పోయినమో లేదో మిషన్ ఒకటే కూత, అటు తిప్పినా ఇటు తిప్పినా ఆగుతలేదు, పక్కకు చూస్తే ఆమె అత్త నన్ను ఆనుకొనే నడుస్తుంది, కాళ్లకు లావు వెండి కడియాలు.

"అవ్వా, నీ కడియాలకు అరుస్తుందే, జర ఒడ్డు మీదికి పోరాదు."

"నేను పోతె నువ్వు సరిగ్గ చూడవు బిడ్డా" అన్నది. పోనే పోలె, పది అడుగుల దూరం జరిగి అక్కడ్నించి కాపలా కాసింది.

ఆ చేన్ల నన్ను సావగొట్టింది ఏందంటే పురుగుమందు డబ్బా మూత కింద అతికించి ఉంటది చూడుండ్రి గుండ్రటి అల్యూమినియం రేకు, అది. చించి అక్కడనే పడేస్తరు, అది మట్టిల ముడుచుకొని పుస్తె లెక్కనే కూస్తది, సేమ్ టు సేమ్, చెవితో తేడా పట్టుడు నాతోని కాలె. ముప్పై దాక తవ్వినంక లెక్క మర్చిపోయిన. మొదటి రోజు పొద్దుగూకింది. రెండో రోజు సాయంత్రం, ఆమె మూట కట్టిన కాడికి నాలుగు సాళ్ల ఇవతల, రెండు వేళ్ల లోతుల దొర్కింది, పసుపు దారం ముక్క ముడి ఊడకుండనే ఉంది దానికి. అవ్వ దాన్ని నా చేతులకెళ్లి గుంజుకొని కొంగుల ముడేసుకున్నది, మాట లేదు.

మేకులను తప్పించుకోనీకి ఒక ఉపాయం ఉంది, డిస్క్రిమినేషన్, అంటే ఏ లోహమో విడదీసి చెప్పుడు, లేని మిషన్‌ల అదే దిక్కు. పొడుగు మేకు అడ్డంగ పడి ఉంటే, దాని పొడుగు వెంబడి కాయిల్ తిప్పినప్పుడు రెండు కూతలొస్తయ్, తొంభై డిగ్రీలు తిరిగి అడ్డంగ తిప్పితే ఒక్కటే వస్తది. బిళ్ల, ఉంగరం లాంటివి ఎటు నుంచి పోయినా ఒక్కటే కూత. ఇది నూటికి నూరు పనిచేస్తదని చెప్పను, వంకర మేకు, వాషరు, నట్టు మోసం చేస్తయ్.

లోతు గురించి అమ్మేటోళ్లు చెప్పేది అబద్ధం అని ఖరాఖండిగ చెప్తున్న. చిన్న వస్తువు కాయిల్ సైజు కంటె దూరం పోయిందంటే, లోతు రెండింతలైతే సిగ్నల్ 64 వంతుల్ల ఒక వంతుకు పడిపోతది, పోయేటప్పుడు ఒకసారి తగ్గుతది, తిరిగొచ్చేటప్పుడు ఇంకోసారి తగ్గుతది. బిళ్లను మూడు మీటర్ల లోతుల పట్టే మిషన్ భూమ్మీద లేదు. కానీ పెద్ద ఫ్రేమ్ కాయిల్ మాత్రం నా పనికి దేవుడు. దేవరకొండ దిక్కు ఒక రైతు పదిహేనేండ్ల కింద మూసేసిన బోరు ఏడుందో మర్చిపోయిండు, మూరెడు మట్టి కింద ఇనుప కేసింగును ఫ్రేమ్ మోసుకుంట నడుస్తుంటే పది నిమిషాలల్ల చెప్పేసింది, మధ్యల పడున్న మేకులు, సీలలు దానికి కనపడనే కనపడవు. కేసింగు పీవీసీది అయితే మాత్రం దండం పెట్టి వాపసు రావాలె. హెచ్‌డీపీఈ పైపు సుత ప్లాస్టికే, అంతే.

మన నేలల సంగతి. నల్లరేగడిల పెద్ద గొడవ చేయలె నాది. ఎర్రచెల్కల డిలే తక్కువ పెడితే సన్నగ గుంయ్ మంటనే ఉంటది, ఇనుపరజను ఉన్న కొన్ని మట్లు పల్స్ కట్ అయినంక సుత అయస్కాంతం గుణాన్ని జర సేపు పట్టుకొని మెల్లగ వదుల్తయ్, డిలే పెంచితే తగ్గుతది గానీ పూర్తిగ పోదు. అయినా నా దోస్తు వీఎల్ఎఫ్ మిషన్ అదే చెల్కల పిచ్చిపిచ్చిగ కూస్తుంటే ఇది నయం. ఇంకొకటి, కాలిన మట్టి. పాత ఊరి దిబ్బల కాడ కుండ పెంకులు, ఇటుక ముక్కలు, పొయ్యి గడ్డలు లోహం లెక్క కూస్తయ్, మొదట్ల నేను అడుగులోతు తవ్వి పెంకు చేతుల పట్టుకొని నవ్వుకున్న రోజులున్నయ్.

కరెంటు తీగల కింద మాత్రం ఈ మిషన్ పనికిరాదు. 11 కేవీ లైన్ కింద, నడుస్తున్న మోటరు పక్కన చెవులు పగిలేటట్టు కొట్టుకుంటది. కరెంటు పోయిన టైం చూసి వెతుకుదామంటే 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చిరి, రైతుకు మంచిదే, నాకే తిప్పలు. పక్క బాయిలోళ్లను బతిలాడి స్టార్టర్లు బంద్ పెట్టిచ్చుకోవాలె. బ్యాటరీ బాగ తింటది, కొన్న కొత్తల ఒక దినం వచ్చేది ఇప్పుడు మధ్యాహ్నం దాకనే. కాయిల్ వైరు మెడ కాడ రెండుసార్లు తెగింది, నేనే అతికిన.

నెలకు ఒకడన్న ఫోన్ చేస్తడు, "అన్నా పాత గుడి కాడ ఉందంట, వస్తవా, సగం సగం" అని. రాను. 1878 నాటి చట్టమే పది రూపాయల కంటె ఎక్కువ విలువ నిధి దొరికితే కలెక్టర్‌కు చెప్పాలంటది, పైగ ఈ మిషన్‌కు ఇత్తడి బిందె, ఇనుప గూటం, బంగారం ఒక్కటే అని చెప్తే అటు నుంచి ఫోన్ కట్.

నా రేటింగ్ అడిగితే పైపులకు, కేసింగులకు ఐదుకు ఐదు, చిన్న బంగారానికి మూడు, గొలుసుకు ఒకటి. మట్టెకైతే సున్న. రెండేండ్ల కింద మా ఇంటామె వెండి మట్టె ఒకటి దొడ్ల పోయింది, మట్టె అంటే కొసలు కలవని రింగు, మా దొడ్డి నిండ నేను పడేసిన నట్లు, సీలలు, తెగిన వైర్లు. ఊర్లోళ్ల పుస్తెలు దొర్కబట్టినవ్ గానీ అని ఇప్పటికీ అంటది.