పెద్దవాళ్ల ప్రకృతి పాఠాలు: ఏళ్ల తరబడి వెళ్లాక నా సమీక్ష

బడి రోజులు అయిపోయాక చెట్టూచేమా గురించి మనకు పాఠం చెప్పేవాళ్లు ఉండరు. పిల్లలకైతే నేచర్ క్యాంపులు బోలెడు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు, రిటైరైనవాళ్లకు కూడా అలాంటివి ఉన్నాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటి నుంచి వెళ్తూనే ఉన్నాను. ఒక పూట నడకలు, రెండు మూడు రోజుల కోర్సులు, వారం పైగా ఉండి పని చేసే వాలంటీర్ ట్రిప్పులు, అన్నీ చూశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గైడ్ వేలు పెట్టి చూపిస్తే మనం చూసి వచ్చే ట్రిప్ మంచి విహారం, అంతే. చేతికి ఒక వలో, భూతద్దమో, నోట్‌బుక్కో ఇచ్చి మన చేత పని చేయించే ట్రిప్‌లోనే చదువు ఉంది. డబ్బు పెట్టాల్సింది దానికే.

నాకు బాగా గుర్తుండిపోయింది ఒక వాగులో గడిపిన రోజు. పెద్ద అడవి కాదు, పేరున్న చోటు కాదు. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, ప్రవాహం వెళ్లే వైపు వల పట్టుకుని, దానికి ఎదురుగా ఉన్న రాళ్లను కాలితో కదపాలి. అడుగున దాక్కున్న పురుగులు కొట్టుకొచ్చి వలలో పడతాయి. వాటిని నీళ్లు పోసిన తెల్లటి ట్రేలో వేసి, రకాలుగా విడదీసి లెక్క పెట్టాలి. మేఫ్లై, స్టోన్‌ఫ్లై, కాడిస్‌ఫ్లై అనేవి పెద్దయ్యాక రెక్కలొచ్చే పురుగులు, వాటి పిల్లలు నీళ్లలో పెరుగుతాయి. మేఫ్లై పిల్లలకు సాధారణంగా మూడు తోకలు, స్టోన్‌ఫ్లై పిల్లలకు రెండు. కాడిస్‌ఫ్లై పిల్లలు కొన్ని ఇసుక రేణువులు, పుల్లముక్కలు అతికించి గూడు కట్టుకుని అందులోనే తిరుగుతాయి. ఈ మూడు గుంపుల్లో ఎక్కువ రకాలకు ప్రాణవాయువు బాగా ఉన్న శుభ్రమైన నీళ్లు కావాలి. ఎర్రటి దారపు పోగుల్లాంటి పురుగులు కొన్ని ఉంటాయి, వాటికి మన రక్తంలో ఉన్నట్టే హిమోగ్లోబిన్ ఉంటుంది. ప్రాణవాయువు బాగా తగ్గిన బురదలోనూ అవి బతికేస్తాయి.

వాగులోకి ఒక మురుగు కాలువ కలిసే చోటుకు పైన ఒకసారి, కింద ఒకసారి ఇదే పని చేయించారు. పై ట్రేలో రకరకాల పురుగులు. కింది ట్రేలో దాదాపు అన్నీ ఎర్రవే. రసాయన పరీక్ష ఆ క్షణంలో నీళ్లు ఎలా ఉన్నాయో చెబుతుంది. రాత్రి పూట ఎవరైనా మురుగు వదిలేసి పొద్దున్నకు ఆపేస్తే అది దొరక్కపోవచ్చు. ఈ పురుగులు మాత్రం నెలల తరబడి అక్కడే బతుకుతాయి కాబట్టి జరిగినదానికి సాక్ష్యం వాటి దగ్గర ఉంటుంది. నీటి కాలుష్యం గురించి వార్తల్లో ఎన్నిసార్లు చదివినా అర్థం కానిది, ఆ రెండు ట్రేలు పక్కపక్కన పెట్టినప్పుడు అర్థమైంది. మాతో వచ్చిన ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని ఆ తర్వాత ప్రతి సీజన్‌లోనూ అదే వాగుకు వెళ్లి లెక్కలు రాస్తున్నారు.

ఇలాగే లైకెన్ల నడక. చెట్ల బెరడు మీద, రాళ్ల మీద బూడిద రంగు పొలుసుల్లా కనిపించేవే లైకెన్లు. ఒక ఫంగస్, దానితో కలిసి కాపురం చేసే నాచు లేదా సయనోబాక్టీరియా (నాచులాగే ఎండతో ఆహారం తయారు చేసుకునే బాక్టీరియా) కలిస్తే అది. వేర్లు లేవు, కావలసినవి చాలావరకు గాలి నుంచీ వానచినుకుల నుంచీ తీసుకుంటాయి. అందుకే గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ పెరిగితే ముందుగా దెబ్బతినేవాటిలో అవి ఉంటాయి. పది రెట్ల భూతద్దం వాడే పద్ధతి కూడా ఆ నడకలోనే నేర్పారు. అద్దాన్ని వస్తువు దగ్గర కాదు, కంటికి ఆనించి పెట్టుకుని, చూడాల్సినదాన్ని దాని దగ్గరికి తేవాలి. ఇంత చిన్న విషయం చెప్పని కోర్సులు చాలా ఉన్నాయి.

ఇప్పుడు నచ్చనివి. పెద్ద జంతువు కనిపిస్తుందని ఆశ పెట్టి అమ్మే ట్రిప్పులకు నేను వెళ్లడం మానేశాను. ఫోన్‌లో కబురు రాగానే వాహనాలన్నీ ఒకే చోటుకు పరిగెత్తడం, ఫోటో తీసుకోవడం, వెనక్కి రావడం. ఆ జంతువు ఏం తింటుంది, ఆ చోటే ఎందుకు ఎంచుకుంది, అడిగే తీరిక ఎవరికీ ఉండదు. ఒక ట్రిప్‌లో అయితే గూడు కట్టే కాలంలో, పిట్టలు దగ్గరికి రావాలని వాటి కూత రికార్డింగ్‌ను మళ్లీ మళ్లీ వినిపించారు. ఆ కూత విన్న మగపిట్ట, తన చోటులోకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని గూడు వదిలి, లేని శత్రువు కోసం వెతుక్కుంటుంది. ఆపమని అడిగితే, అందరూ డబ్బు కట్టి వచ్చారు కదా అన్నారు. ఆ నిర్వాహకులతో మళ్లీ వెళ్లలేదు.

వాలంటీర్ ట్రిప్పుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఒకచోట మా చేత పచ్చిక బయలులో మొక్కలు నాటించారు. చూడటానికి మంచి పనే. కానీ పచ్చిక బయలు ఖాళీ స్థలం కాదు. ఎండ బాగా పడే చోట మాత్రమే పెరిగే గడ్డి, ఆ గడ్డిలో నేల మీదే గుడ్లు పెట్టే పిట్టలు, వాటి చుట్టూ అల్లుకున్న బతుకు వేరే ఉంటుంది. చెట్ల నీడ కమ్ముకుంటే అదంతా పోతుంది. దీనికి పూర్తిగా భిన్నంగా నడిచింది ఇంకో ట్రిప్. అక్కడ పని లాంటానా పొదలు తీయడం. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల ఈ మొక్కను తోటల్లో అందం కోసం తెచ్చి ప్రపంచమంతా పంచారు, ఇప్పుడది అల్లుకుపోయి స్థానిక మొక్కలకు చోటు లేకుండా చేస్తోంది. పైన కొట్టేసి వదిలేస్తే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. అందుకని వేళ్లతో పెకలించాలి, పిట్టలు మోసుకొచ్చిన విత్తనాలతో మళ్లీ మొలుస్తుంది కాబట్టి ఏళ్ల తరబడి చూసుకుంటూ ఉండాలి. మేము వెళ్లిపోయాక ఎవరు, ఎప్పుడు వచ్చి చూస్తారో నిర్వాహకులు మొదటి రోజే రాసిన పట్టిక చూపించారు. చేతులు బొబ్బలెక్కినా తృప్తిగా అనిపించింది. డబ్బు కట్టి శాస్త్రవేత్తల పనిలో చేయి కలపడం కొత్త ఆలోచనేమీ కాదు, ఎర్త్‌వాచ్ సంస్థ 1971 నుంచీ ఇదే చేస్తోంది. బ్రిటన్‌లో ప్రకృతి కోర్సులు నడిపే ఫీల్డ్ స్టడీస్ కౌన్సిల్ 1943లో పుట్టింది, అంటే రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే.

మనలాంటివాళ్లు రాసే లెక్కలకు విలువ ఉంటుందా అని మొదట్లో నాకూ అనుమానమే. 1900లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే అమెరికా పక్షి శాస్త్రవేత్త, క్రిస్మస్ రోజు పిట్టలను కాల్చే పోటీకి బదులుగా వాటిని లెక్కపెడదామన్నాడు. మొదటి ఏడు పాల్గొన్నది 27 మంది. ఆ లెక్క ఇప్పటికీ ఏటా సాగుతోంది. 2002లో పిట్టల లెక్కల కోసం ఈబర్డ్, 2008లో అన్ని రకాల జీవుల కోసం ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్లు వచ్చాక ఎవరైనా ఎక్కడి నుంచైనా నమోదు చేయొచ్చు. మంచి గైడ్ అరుదైన పిట్ట ఒక్కటే కాదు, చూసి గుర్తుపట్టినవన్నీ రాయమంటాడు. పూర్తి జాబితా ఉంటేనే అందులో లేనిదేమిటో కూడా తెలుస్తుంది. ఫలానా పిట్ట తగ్గిపోతోందన్న సంగతి బయటపడేది అలాగే. ఇంకో మంచి గుర్తు, గూడు ఎక్కడుందో తెలిసేలా ఫోటోలు పెట్టొద్దని ముందే చెప్పడం. అంతరించే ప్రమాదంలో ఉన్న జీవులు కనిపించిన కచ్చితమైన చోటును ఐనాచురలిస్ట్ తానే దాచిపెడుతుంది, మిగతా చోట్ల ఆ బాధ్యత మనది.

సౌకర్యాల సంగతి క్లుప్తంగా. గుంపులో పది పన్నెండు మంది దాటితే వెనకవాళ్లకు ఏమీ వినపడదు. బైనాక్యులర్స్ కొనేవాళ్లకు 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేవి, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) చాలు, పది రెట్లవి చేతిలో ఎక్కువ వణుకుతాయి. రాత్రి నడకల్లో చీకటికి కళ్లు అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది కాబట్టి తెల్లటి టార్చ్ వేసే గైడ్ అయితే సగం నడక వృథా. ఎర్ర లైటు వాడతారా అని అడగండి. టాయిలెట్ ఎంత దూరంలో ఉందో కూడా మొహమాటపడకుండా అడగాల్సిందే.

వయసు పైబడినవాళ్ల గురించి ఒక మాట. ఏళ్లు గడిచే కొద్దీ ముందుగా వినిపించకుండా పోయేవి సన్నటి, కీచుమనే శబ్దాలు, అందులో కొన్ని పిట్టల కూతలూ ఉంటాయి. పక్కవాళ్లంతా వింటున్నది తమకు వినపడక ఉత్సాహం పోయి మానేసినవాళ్లు నాకు తెలుసు. మెర్లిన్ యాప్‌లో 2021 నుంచి కూతను బట్టి పిట్ట పేరు చూపించే సదుపాయం ఉంది. అది కొన్నిసార్లు తప్పు చెబుతుంది, కానీ ఎటు చూడాలో తెలుసుకోవడానికి బాగా పనికొస్తుంది. అలాంటివాళ్లను ముందు వరుసలో నిలబెట్టి, ఫోన్ తెర చూపిస్తూ పిట్ట ఉన్న కొమ్మ చెప్పే గైడ్‌ను ఒకరిని చూశాను. ఆ కోర్సుకు నేను పూర్తి మార్కులు వేస్తాను.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నా సలహా, దూరదేశపు వారం రోజుల ట్రిప్ జోలికి పోకుండా, దగ్గర్లో ఒకే చోటుకు నెలకోసారి తీసుకెళ్లే కోర్సు ఉంటే అందులో చేరండి. ఆకు రాలడం, చిగురు, పూత, ఆ పూతకు వచ్చే పురుగులు, ఆ పురుగుల కోసం వచ్చే పిట్టలు, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి కనిపించాలంటే అదే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాలి. డబ్బు కట్టే ముందు నిర్వాహకులను రెండే అడగండి. మా చేత ఏం రాయిస్తారు? అది ఎక్కడికి వెళ్తుంది? జవాబు తడుముకోకుండా చెప్పినవాళ్లతో వెళ్లండి.