దర్గన్‌కి చదవడం వచ్చు: ఎనిమిదేళ్లు పాత్రలు అల్లుతూ ఆడాక

డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అంటే బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరం ఒక్కో పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. అందులో నా మొదటి పాత్రకి పదకొండు పేజీల పూర్వకథ రాశాను. చిన్నప్పుడే తల్లిదండ్రుల్ని ఎవరో చంపేశారు, ఊరు తగలబడింది, మొహం మీద కత్తిగాటు, వంశం మీద శాపం. నల్ల ముసుగు వేసుకుని సత్రంలో మూలబల్ల దగ్గర కూర్చుంటాడు. ఎవరితోనూ మాట్లాడడు. హాఫ్ ఎల్ఫ్ జాతి, రోగ్ క్లాస్ (అంటే దొంగ తరహా వృత్తి), మొదటి లెవెల్, తొమ్మిది హిట్ పాయింట్లు, అంటే ఎంత దెబ్బ తట్టుకోగలడన్న లెక్క. మూడో సెషన్‌లో గాబ్లిన్ అనే ఓ చిన్న రాక్షసుడి వంతు వచ్చింది, ఆట నడిపే డీఎం ఇరవై ముఖాల పాచిక వేస్తే ఇరవై పడింది. డ్యామేజ్ పాచికలు రెట్టింపు. మనవాడు సున్నాకి వచ్చి కూలబడ్డాడు. ఇక డెత్ సేవ్‌లు, అంటే బతుకుతాడో పోతాడో తేల్చే పాచికలు. పది గానీ ఆపైన గానీ పడితే గెలిచినట్టు, తక్కువ పడితే ఓడినట్టు, మూడుసార్లు ఓడితే ఇక అంతే. నాకు ఆరు, మూడు, తొమ్మిది పడ్డాయి. గాయాలు మాన్పే క్లెరిక్ అప్పుడు అవతలి గదిలో ఉంది.

పోయినందుకు పెద్దగా బాధ వెయ్యలేదు. పక్క కుర్చీలో ఉన్న స్నేహితురాలు మొహమాటపడుతూ "ఇంతకీ వాడి పేరేంటి?" అని అడిగింది చూడండి, అక్కడ తగిలింది. మూడు సెషన్లు, దాదాపు పన్నెండు గంటలు కలిసి ఆడాం. పదకొండు పేజీలు నా ఫోల్డర్‌లోనే ఉండిపోయాయి.

ఈ సమీక్ష డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో పాత్ర తయారు చేసుకునే పద్ధతి గురించి. 2014లో వచ్చిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ నేను 2017లో కొన్నాను, 2024లో వచ్చిన మార్చిన పుస్తకం కూడా తీసుకున్నాను. ఈ మధ్యలో తొమ్మిది పాత్రలు ఆడాను, రెండు పెద్ద క్యాంపెయిన్లకి (నెలల తరబడి సాగే కథలకి) డీఎంగా కూర్చున్నాను. ఏ క్లాస్ బలమైనది, ఏ స్పెల్ తీసుకోవాలి లాంటివి ఇందులో ఉండవు. పాత్ర మనిషిలా అనిపించడానికి ఈ పుస్తకం ఎంత పనికొచ్చింది, ఎక్కడ చేతులెత్తేసింది అన్నదే నా గొడవ.

2014 పుస్తకంలో పదమూడు బ్యాక్‌గ్రౌండ్లు, అంటే పాత్ర ఇదివరకటి బతుకులు, ఉన్నాయి. సైనికుడు, నావికుడు, పండితుడు, మోసగాడు, వీధి పిల్ల, ఇలా. ఒక్కోదానికి నాలుగు పట్టికలు: స్వభావం, ఆశయం, బంధం, లోపం. స్వభావానికి ఎనిమిది ముఖాల పాచిక, మిగతా మూడింటికి ఆరు ముఖాలది. పాచిక వేసి తీసుకోవచ్చు, నచ్చింది ఎంచుకోవచ్చు, సొంతంగా రాసుకోవచ్చు. క్యారెక్టర్ షీట్ మీద కుడివైపు పైన నాలుగు చిన్న గడులు ఉంటాయి, వాటిలో రాస్తాం. కొత్తవాళ్లు అటు చూడరు. ఎడమవైపు అంకెలే వాళ్లకి లోకం. నేనూ అంతే.

ఇన్నేళ్లు వాడాక ఈ నాలుగూ ఒకటే బరువు కాదని తేలింది. ఆశయం గడి దాదాపు దండగ. "న్యాయం", "స్వేచ్ఛ", "బలం" అని పెద్ద మాటలు రాస్తాం, మళ్లీ ఆ వైపు చూడం. స్వేచ్ఛ కోసం ప్రాణమిస్తానని రాసుకున్న పాత్ర ఏడాది పాటు డీఎం ఎటు పంపితే అటు వెళ్లింది. స్వభావం గడి కాస్త నయం గానీ త్వరగా అరిగిపోతుంది. నాణెం ఎగరేస్తూ మాట్లాడతాడు, ప్రతిదానికీ సామెత చెబుతాడు అని రాస్తే మొదటి సెషన్‌లో నవ్వొస్తుంది, ఐదో సెషన్‌కి చిరాకొస్తుంది. పనిచేసేవి బంధం, లోపం. అవి కూడా ఒక షరతు మీద. ఆ గడిలో రాసింది టేబుల్ చుట్టూ ఉన్న మిగతావాళ్ల చేత ఏదో ఒకటి చేయించాలి. నా లోపల నేను పడే బాధ ఎంత గొప్పదైనా పక్కవాళ్లకి కనపడదు. నా లోపం వల్ల వాళ్లకి పని పెరిగితే కనపడుతుంది.

ఇది నాకు నేర్పినవాడు దర్గన్. నా మూడో పాత్ర. డ్వార్ఫ్ (మరుగుజ్జు జాతి), ఫైటర్ క్లాస్, సైనికుడి బ్యాక్‌గ్రౌండ్. పాచికతో తీసిన లోపం నచ్చక నాకు నేనే రాసుకున్నాను: చదవడం రాదని అబద్ధం చెబుతాడు. ఎందుకంటే ఒకప్పుడు పైనుంచి వచ్చిన రాతపూర్వక ఆజ్ఞ చదివి, మనుషులు ఇంకా దాటుతుండగానే ఒక వంతెన కూల్చేయించాడు. ఆ రోజు నుంచి కాగితం ముట్టుకోడు. బంధం గడిలో: ఆ వంతెన మీద పోయిన చెప్పులు కుట్టేవాడి భార్యకి డబ్బు పంపుతుంటాడు, పంపేది తానని చెప్పడు. మొత్తం ఐదు వాక్యాలు. పదకొండు పేజీల నుంచి ఐదు వాక్యాలకి దిగాను.

ఈ సంగతి నాకూ డీఎంకీ తప్ప ఎవరికీ తెలియదు. ఆటలో ఏం జరిగిందంటే, ఎక్కడ రాత కనపడినా దర్గన్ తల తిప్పుకునేవాడు. డ్వార్ఫ్‌ల లిపిలో ఉన్నా సరే. దాంతో మా జట్టులో మంత్రాలు వేసే విజర్డ్ ప్రతిసారీ, తెలియని రాత అర్థమయ్యే కాంప్రహెండ్ లాంగ్వేజెస్ అనే మంత్రం వేసేది. స్పెల్ స్లాట్ (రోజుకి ఇన్నే అని ఉండే మంత్రాల కోటా) ఖర్చు కాకుండా రిచువల్‌గా వేస్తే పది నిమిషాలు అదనంగా పడుతుంది. ఒక్కో తలుపు దగ్గర పది నిమిషాలు. ఈలోగా కాపలావాళ్లు వచ్చేవారు, డీఎం చక్కగా పాచికలు వేసుకునేవాడు. బంగారం పంచుకున్నప్పుడల్లా నా వాటాలో ఐదో వంతు పక్కన పెడుతున్నానని చెప్పేదాన్ని ఒక్కటే మాటగా, కారణం చెప్పకుండా. మూడోసారికే "ఎవరికది?" అని మొదలుపెట్టారు. నా మొదటి పాత్ర గురించి ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. దర్గన్‌ని అడగని రోజు లేదు.

పధ్నాలుగు నెలల తర్వాత, నీళ్లు నిండిపోతున్న గదిలో ఇరుక్కున్నాం. తలుపు మీద డ్వార్ఫ్ లిపిలో నాలుగు పంక్తులు. విజర్డ్ సున్నా హిట్ పాయింట్లతో స్పృహ లేకుండా ఉంది. అందరూ ఏదో ఒక ఉపాయం చెబుతున్నారు. నేను "దర్గన్ ముందుకెళ్లి పైకి చదువుతాడు" అన్నాను. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. డీఎం ఆ నాలుగు పంక్తులున్న చీటీ నా చేతిలో పెట్టాడు. చదివాను, తలుపు తెరుచుకుంది. అప్పుడు విజర్డ్ ఆడే స్నేహితురాలు లేచి నిలబడి, "పధ్నాలుగు నెలలు! ఒక్కో తలుపుకీ పది నిమిషాలు!" అంది. సగం నవ్వు, సగం నిజంగానే కోపం. తర్వాత రెండు సెషన్లు ఆమె పాత్ర దర్గన్‌తో మాట్లాడలేదు. ఎవరూ పాచిక వెయ్యలేదు, ఏ రూలూ అలా చెయ్యమనలేదు.

అంకెల గురించి ఒక మాట. దర్గన్‌కి తెలివి 8. బలం, తెలివి లాంటి ఆరు గుణాలకి స్టాండర్డ్ అరే అని ఆరు అంకెలిస్తారు, 15, 14, 13, 12, 10, 8. ఎక్కడో ఒకచోట ఆ 8 పెట్టక తప్పదు. అందులోనూ ఫైటర్లు ఎక్కువగా తెలివిలోనే పెడతారు. పెట్టి, పాత్రని పిచ్చివాడిలా ఆడతారు. 8 అంటే పాచిక మీద ఒకటి తీసేయడం, అంతే. ఇరవై ముఖాల పాచిక మీద అది ఐదు శాతం తేడా. మామూలు మనిషికీ వాడికీ మధ్య ఆ ఐదు శాతంలో ఒక వెర్రిబాగులవాణ్ణి ఇరికించడం ఎందుకో నాకు అర్థం కాదు. దర్గన్ లెక్కలు నెమ్మదిగా చేసేవాడు, రెండుసార్లు సరిచూసుకునేవాడు.

పాత్ర మంచిదా చెడ్డదా, కట్టుబాటు ఉన్నదా లేనిదా అని చెప్పే అలైన్‌మెంట్ తొమ్మిది గళ్ల మీద నాకు పెద్ద అభిప్రాయం లేదు. ఐదో ఎడిషన్‌లో దాన్ని ముట్టుకునే రూల్స్ కూడా పెద్దగా లేవు. నష్టం మాత్రం చేస్తుంది. కేయాటిక్ న్యూట్రల్ (కట్టుబాటు లేదు, మంచీ కాదు చెడూ కాదు) అని రాసుకుని పార్టీలోవాళ్ల, అంటే సొంత జట్టువాళ్ల, సంచులు కొట్టేసేవాళ్లు ప్రతి టేబుల్‌కీ ఒకరు తగులుతారు. అడిగితే "నా పాత్ర అలాగే చేస్తుంది మరి" అంటారు. ఆ పాత్రని తయారు చేసింది ఎవరు నాయనా? నేను డీఎంగా ఉన్నప్పుడు దీనికి ఒకటే ప్రశ్న పెట్టుకున్నాను: నీ పాత్ర అలాంటివాడైతే, మిగతా నలుగురూ వాణ్ణి ఎందుకు వెంట తిప్పుకుంటున్నారు? జవాబు దొరికితే ఆడనిస్తాను. ఒకసారి దొరికింది కూడా. ఆ దొంగ క్లెరిక్‌కి తమ్ముడట. అక్కడి నుంచి ఆ క్యాంపెయిన్‌లో ఆ ఇద్దరి గొడవలే అన్నిటికన్నా బాగున్నాయి.

ఇన్‌స్పిరేషన్ అనే రూల్ 2014 పుస్తకంలో బాగా ఆలోచించి పెట్టి సగంలో వదిలేసినట్టుంటుంది. నీ లోపానికో బంధానికో తగ్గట్టు ఆడితే డీఎం ఇన్‌స్పిరేషన్ ఇస్తాడు, దాన్ని తర్వాత వాడుకుంటే ఒక పాచిక బదులు రెండు వేసి పెద్దది తీసుకోవచ్చు. వినడానికి బాగుంది. కానీ డీఎం తల మీద అప్పటికే పదహారు పనులుంటాయి. ఐదుగురి షీట్ల మీద ఇరవై గళ్లు ఎవరికి గుర్తుంటాయి? మేం ఆర్నెల్లు ఆడితే నాలుగుసార్లు ఇచ్చారేమో. చివరికి డీఎం చేతిలోంచి తీసేశాం. గిన్నెలో గాజు గోళీలు పెట్టుకుని ఒకరికొకరు ఇచ్చుకోవడం మొదలుపెట్టాం. పక్కవాళ్ల లోపం వల్ల నీకు ఇబ్బంది అయ్యిందా, గోళీ నువ్వే ఇయ్యి. అప్పటి నుంచి ఒకరి గళ్లు ఒకరికి కంఠతా వచ్చేశాయి.

నిజానికి వేరే ఆటలు ఈ సంగతి ముందే పట్టుకున్నాయి. డన్జన్ వరల్డ్‌లో బంధం వాక్యాల్లో ఖాళీ ఉంటుంది, అందులో టేబుల్ మీద ఉన్న ఇంకో పాత్ర పేరు రాయాలి. ఫేట్ కోర్‌లో నీ పాత కథలో పక్కవాళ్ల పాత్ర కూడా కనపడాలి. ఈ రెండూ ఆడి చూశాక డన్జన్స్ అండ్ డ్రాగన్స్ పట్టికలు ఒంటరివని అర్థమైంది. వాటిలో బంధాలు ఎక్కువగా గురువుతో, గుడితో, పోయిన ప్రేమతో. ఎదురుగా కూర్చున్న మనిషి పేరు రాయమనేది ఒక్కటీ లేదు.

పుస్తకం ఊసెత్తని సంగతి ఇంకోటుంది, అది తెలుగులో ఆడేవాళ్లకే తెలుస్తుంది. రూల్స్ మాటలన్నీ ఇంగ్లిషువే వాడతాం, పాత్రల మాటలు మాత్రం తెలుగులో. అలా ఆడగానే మొదటి వాక్యంలోనే తేల్చుకోవాల్సి వస్తుంది, నువ్వా, మీరా? ఇంగ్లిషులో ఆడినన్నాళ్లూ ఈ ప్రశ్నే రాలేదు. దర్గన్ సైన్యాధికారులందరినీ నువ్వు అనేవాడు, చిన్నపిల్లల్ని మీరు అనేవాడు. ఎందుకో నేనూ ముందు అనుకోలేదు, నోట్లోంచి అలా వచ్చింది. వంతెన కథ బయటపడ్డాక అందరికీ అర్థమైంది. గొంతు మార్చడం, యాస పెట్టడం నాకు చేతకాదు, పెట్టినా పది నిమిషాల్లో జారిపోతుంది. ఎవర్ని ఏమని పిలుస్తాడన్నది జారదు. నా డీఎం నోట్సులో ఇప్పుడు ప్రతి ఎన్‌పీసీ (డీఎం ఆడించే పాత్ర) పేరు పక్కన మూడే సంగతులు ఉంటాయి: పార్టీ నుంచి ఈరోజు ఏం కావాలి, వాళ్లు లోపలికి వచ్చేసరికి చేతిలో ఏ పనిలో ఉన్నారు, నువ్వా మీరా. కళ్ల రంగు రాయడం ఎప్పుడో మానేశాను.

2024 పుస్తకం దగ్గరికొస్తే, బొమ్మలు బాగున్నాయి, వెతుక్కోవడం తేలిక, పాత్ర తయారీ అడుగులు పాతదానికన్నా స్పష్టంగా చెప్పారు. కానీ బ్యాక్‌గ్రౌండ్‌తో వచ్చే ఆ నాలుగు పట్టికలు ఎగిరిపోయాయి. వాటి బదులు బ్యాక్‌గ్రౌండే ఇప్పుడు స్టాట్స్ (బలం, తెలివి లాంటి అంకెలు) పెంచుతుంది, ఒక ఫీట్ (ప్రత్యేక నైపుణ్యం) ఇస్తుంది. ఆ పెంపు ఇదివరకు రేస్ (పాత్ర జాతి) నుంచి వచ్చేది, దాన్ని అక్కణ్ణుంచి తీసేయడం మంచిదే. తెచ్చి పెట్టిన చోటే బాగాలేదు. పండితుడి బ్యాక్‌గ్రౌండ్ తెలివి పెంచుతుంది కాబట్టి విజర్డ్ అనగానే పండితుడు. సైనికుడు బలం పెంచుతుంది కాబట్టి ఫైటర్ అనగానే సైనికుడు. పుస్తకంలో ఉన్నట్టే ఆడితే, వీధిలో పెరిగిన విజర్డ్ కావాలనుకున్నవాళ్లు ముందు అంకెల లెక్క చూసుకోవాలి. ఇన్‌స్పిరేషన్ ఇప్పుడు హీరోయిక్ ఇన్‌స్పిరేషన్ అయింది, ఏ పాచికనైనా మళ్లీ వేసుకోవచ్చు. మనుషుల జాతి పాత్రకైతే పొద్దున నిద్ర లేవగానే ఒకటి దొరుకుతుంది, లోపంతో పనిలేకుండా.

అందుకే ఇప్పుడు మా టేబుల్ మీద రూల్స్ 2024వి, పట్టికలు 2014వి. పాత పుస్తకం అట్ట ఊడిపోయింది, ఆ పేజీలు జిరాక్స్ తీసి కొత్తవాళ్లకి ఇస్తున్నాను. ఒక బ్యాక్‌గ్రౌండ్‌కి ఆరు లోపాలే కాబట్టి నాలుగేళ్లు ఆడితే అవే తిరిగొస్తాయి, ముగ్గురు సైనికులకి ఒకటే లోపం పడ్డ రోజులున్నాయి. పాచిక వేసి వచ్చినదాన్ని మొదటి చిత్తుప్రతి అనుకుని, టేబుల్ మీదున్న ఎవరో ఒకరి పేరు అందులో దూర్చమంటాను. కొత్త పుస్తకం ఒక్కటే ఉన్నవాళ్లకి నష్టమేమీ లేదు. రెండు వాక్యాలు సొంతంగా రాసుకోగలిగితే చాలు. అది కష్టమనిపించేవాళ్లు పాతది ఎక్కడైనా దొరికితే తీసుకోండి.

దర్గన్ క్యాంపెయిన్ పదకొండో లెవెల్ దగ్గర ముగిసింది. ఆ రాత్రి షీట్లన్నీ ఒక ఫోల్డర్‌లో పెడుతుంటే విజర్డ్ షీట్ నా చేతికొచ్చింది. లోపం గడిలో మొదట పెన్నుతో రాసింది కొట్టేసి, కింద పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో రాసి ఉంది: "ఆ డ్వార్ఫ్ ఏం చెప్పినా నమ్ముతాను."