గురువు ఓక్ చెట్టు, శిష్యుడి గాలిమర

పంతొమ్మిదో శతాబ్దపు డచ్చి పల్లె దృశ్యాలను తైలవర్ణాల్లో చూడదలచినవారికి బారెండ్ కోర్నెలిస్ కూక్కూక్ (1803–1862), కొంతకాలం ఆయన వద్దనే నేర్చుకున్న పాల్ గాబ్రియెల్ (1828–1903) రెండు భిన్నమైన దారులు చూపుతారు. సరిహద్దుకు ఆవల, జర్మన్ పట్టణమైన క్లేవ్‌లో స్థిరపడిన కూక్కూక్, ఆరుబయట గీసుకున్న చిత్తు చిత్రాల ఆధారంగా చిత్రశాలలో కూర్చుని మహావృక్షాలను, కొండదారులను, వాటి కింద చీమల్లా కనిపించే బాటసారులను పొందికగా అమర్చేవాడు. కుంచె జాడ తెలియనంత నునుపు ఆయన పనితనం. చదునైన నెదర్లాండ్స్‌లో అలాంటి కొండలు అరుదన్న సంగతి వేరు.

గాబ్రియెల్ సుమారు 1889లో వేసిన ‘జూలై మాసంలో’ నేడు ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో ఉంది. నిలువు పటంలో కాలువ గట్టున ఒక గాలిమర, నీటిలో దాని నీడ, ఒడ్డున పచ్చిక, పైన తెల్లని మబ్బులు తేలే నీలాకాశం, అంతే. బూడిదరంగుకు పేరుపడిన హేగ్ చిత్రకారుల్లో ఒకడైనా, ఆయన తన నేల రంగులను మసకబార్చలేదు. నేర్పరితనానికి కూక్కూక్‌నే మెచ్చుకోవాలి గానీ, ఆ దేశపు తడినీ వెలుతురునీ చూడాలంటే నా ఓటు గాబ్రియెల్‌కే.