ఉపాధ్యక్షుల జాడల్లో మూడు చోట్లు

మా అబ్బాయి జెర్సీ సిటీలో ఉంటాడు. ఈసారి వెళ్ళినప్పుడు నయాగరా వద్దు, అమెరికా ఉపాధ్యక్షుల చోట్లు చూపించమన్నాను.

మొదట న్యూజెర్సీలోనే ఉన్న వీహాకెన్. 1804 జూలై 11న ఉపాధ్యక్ష పదవిలో ఉండగానే ఆరన్ బర్ ద్వంద్వయుద్ధంలో అమెరికా తొలి ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్‌ను కాల్చింది ఇక్కడే. మర్నాడు హామిల్టన్ పోయాడు. హత్యాభియోగాలు మీదుండగానే బర్ వాషింగ్టన్ వెళ్ళి సెనేట్ అధ్యక్ష స్థానంలో కూర్చున్నాడంటే నమ్మబుద్ధి కాలేదు. అసలు చోటు రైలుమార్గం పనుల్లో పోయింది. గట్టు మీద హామిల్టన్ విగ్రహం, ఒక బండరాయి ఉన్నాయి. అరగంట చాలు.

వాషింగ్టన్ చూడటానికి పక్కనే ఉన్న ఆర్లింగ్టన్‌లో బస చేశాం. గది శుభ్రంగా ఉంది, మెట్రో దగ్గర. హోటల్ వాళ్ళు చెప్పిన ఉచిత వ్యాను మాత్రం రెండు రోజులూ రాలేదు. చట్టసభల భవనమైన క్యాపిటల్ చూడటం ఉచితమే, తినుబండారాలూ నీళ్ళూ లోపలికి తేనివ్వరు. మామూలు టూరులో సెనేట్ ఉండదు; పాస్‌పోర్టు చూపించి గ్యాలరీ పాసు విడిగా తీసుకోవాలి. తప్పక తీసుకోండి. ఉపాధ్యక్షుల పాలరాతి విగ్రహాలున్నది ఆ వైపే. సభాధ్యక్షుడి కుర్చీ ఉపాధ్యక్షుడిదే అయినా మేం వెళ్ళిన రోజు ఎవరో సెనేటర్ కూర్చున్నారు. ఉపాధ్యక్షుడికి ఓటు ఉండేది ఇరుపక్షాలూ సమానమైనప్పుడే. పంతొమ్మిదో శతాబ్దపు ఉపాధ్యక్షుడు కాల్హౌన్ అలా 31 సార్లు వేస్తే, కమలా హారిస్ 33 సార్లు వేసి ఆ రికార్డు దాటారు.

ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ భార్య, మన తెలుగు మూలాలున్న ఉషా వాన్స్ ఉండే ఇల్లని అబ్జర్వేటరీ సర్కిల్‌కీ వెళ్ళాం. చెట్లూ కంచే తప్ప ఏమీ కనబడదు. ట్యాక్సీ డబ్బులు దండగ.

నా మనసు నిలిచిపోయింది వెర్మాంట్‌లోని ప్లిమత్ నాచ్‌లో. జెర్సీ నుంచి దాదాపు ఐదు గంటల ప్రయాణం. చలికాలంలో మూసేస్తారు, వేసవిలో గానీ శరదృతువు మొదట్లో గానీ వెళ్ళాలి. బస దగ్గర్లోని లడ్లో ఊళ్ళో చూసుకోండి; మాకు పొయ్యి ఉన్న గది దొరికి అన్నం వండుకున్నాం, లేకపోతే శాకాహారులకు కష్టమే. ఊరంటే కొన్ని చెక్క ఇళ్ళు, ఒక చర్చి, దుకాణం, జున్ను ఫ్యాక్టరీ. 1923 ఆగస్టు 2న అధ్యక్షుడు హార్డింగ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో మరణించినప్పుడు ఉపాధ్యక్షుడు కూలిడ్జ్ ఇక్కడ తండ్రి ఇంట్లో ఉన్నాడు. ఇంట్లో కరెంటు లేదు, ఫోను లేదు. కబురు మనిషి మోసుకొచ్చాడు. తెల్లవారుజామున 2.47కి కిరోసిన్ దీపం వెలుగులో, నోటరీ అయిన తండ్రే కొడుకు చేత అధ్యక్షుడిగా ప్రమాణం చేయించాడు. ఆ గది మన పల్లెటూరి వసారా అంత ఉంటుంది. గుమ్మంలో నిలబడి చూస్తుంటే నాకు మాట రాలేదు.

ఆయన లేచి వెళ్ళిన ఉపాధ్యక్ష స్థానం 1925 మార్చి దాకా ఖాళీగానే ఉంది. మధ్యలో నింపే పద్ధతి 1967లో రాజ్యాంగం 25వ సవరణతో గానీ రాలేదు.

వచ్చేముందు శ్మశానానికి వెళ్ళండి. కూలిడ్జ్ తన వాళ్ళ మధ్యే, మామూలు రాయి కింద ఉన్నాడు.