‘హెచ్ఓ స్కేల్ సీనరీ కాంబో’ కొనేముందు ఇది చదవండి

మోడల్ రైల్వే లేఅవుట్ (చిన్న రైళ్లు, పట్టాలు, చుట్టూ పరిసరాలతో చేసే నమూనా) వేసుకుంటున్న వాళ్లకు ఒక హెచ్చరిక. చెట్లు, గడ్డి, కంకర కలిపి ‘హెచ్ఓ స్కేల్ సీనరీ కాంబో’ అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. నేనూ తెప్పించుకున్నాను. మూడింట్లో ఒక్కటీ పనికి రాలేదు.

చెట్ల సంగతి ముందు చెప్తాను. హెచ్ఓ అంటే 1:87, అంటే అసలు సైజులో 87వ వంతు. పన్నెండు మీటర్ల వేపచెట్టు ఈ స్కేల్‌లో దాదాపు 14 సెంటీమీటర్లు ఉండాలి. వీళ్లు పంపినవి 5 సెంటీమీటర్లు. లెక్క కడితే నాలుగు మీటర్ల పైచిలుకు, అంతే. ఐసీఎఫ్ కోచ్ (మన పాత రకం రైలు పెట్టె) మోడల్ పక్కన నిలబెడితే చెట్టు చిటారు కొమ్మ కోచ్ పైకప్పును దాటీ దాటనట్టుంది. మరి ఫొటోలో అంత ఎత్తుగా ఎలా కనిపించాయి? పక్కన పెట్టిన బోగీ ఎన్ స్కేల్‌ది, అంటే 1:160! జూమ్ చేసి కప్లింగ్ (బోగీలను కలిపే కొక్కెం) చూస్తే గానీ దొరకలేదు ఆ తెలివి. స్కేల్ పేరు ఎవరైనా రాస్తారు, మీరు మాత్రం ఎత్తు సెంటీమీటర్లలో అడిగి 87తో హెచ్చవేసుకోండి.

గడ్డి ఇంకా దారుణం. స్టాటిక్ గ్రాస్ అంటే నైలాన్ పోగులు. అప్లికేటర్ (గడ్డి చల్లే పరికరం) ఇచ్చే విద్యుత్ ఛార్జికి జిగురులో నిటారుగా నిలబడాలి. ఇవేమో ఉండలు కట్టి పడ్డాయి. దోమల బ్యాట్ సర్క్యూట్‌తో చేసుకున్న నా అప్లికేటర్ పాడైందేమో అనుకుని పాత ప్యాకెట్‌లోది చల్లితే చక్కగా లేచి నిలబడింది. అక్కడితో అయిపోలేదు. కంకర అతుక్కోవడానికి ఫెవికాల్‌లో సగం నీళ్లు, ఒక చుక్క గిన్నెల లిక్విడ్ కలిపి డ్రాపర్‌తో వేయగానే గడ్డి రంగు దిగింది. పట్టాల వెంట బూడిద రంగు కంకరంతా పాత గోడకి పాచి పట్టినట్టు తయారైంది. ఎంత తుడిచినా పోలేదు, ఆ ముక్క మొత్తం చెక్కి తీసేశాను. ఏ రంగు సరుకైనా ముందు చిటికెడు తడి టిష్యూలో పెట్టి చూడండి.

కంకర ప్యాకెట్‌ని మాత్రం అయస్కాంతంతో పరీక్షించాకే వాడండి. కాగితం చుట్టిన అయస్కాంతం తిప్పితే దీనిలోంచి నల్ల రేణువులు లేచి అతుక్కున్నాయి. మన భీమిలి తీరం నల్ల ఇసుకలో మాగ్నటైట్ (అయస్కాంతానికి అతుక్కునే ఇనుప ఖనిజం) ఉంటుంది కదా, అలాంటిదే కావచ్చు. ఇంజిన్ మోటార్‌లో ఉన్న అయస్కాంతం వీటిని లోపలికి లాక్కుంటే మోటార్ గోవిందా.

అమ్మినతనికి ఫొటోలతో మెసేజ్ పెడితే ‘స్కేల్ అంటే సుమారుగా సార్, డెకరేషన్ ఐటెం’ అన్నాడు. తర్వాత వంద రూపాయలు వెనక్కి ఇస్తా, ఐదు స్టార్లు ఇమ్మన్నాడు. ఇవ్వలేదు. ప్యాకెట్ విప్పేటప్పుడు వీడియో తీసి ఉంచుకుంటే రిటర్న్‌కి పనికొస్తుంది, అక్కడా తేలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ప్రస్తుతానికి చెట్ల కోసం ఎండిన తులసి కొమ్మలకి, మిక్సీలో పొడి చేసి రంగు వేసిన పాత స్పాంజి అతికిస్తున్నాను. కొన్నవాటి కంటే నయంగానే ఉన్నాయి. మిక్సీ జార్ మాత్రం ఇంట్లో వాళ్లది కాకుండా వేరేది చూసుకోండి.