పాత గ్లూ బాంబ్: విప్పి బాగుచేయాలా, కొత్త కిట్ కొనాలా? ఏది మేలు?

పోయిన వేసవిలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక గరాజ్ సేల్‌లో, చెప్పుల డబ్బాలో పడి ఉన్న బుల్లి ప్లాస్టిక్ క్యాడిలాక్ కారు ఒకటి దొరికింది. ఐదు డాలర్లిచ్చి తెచ్చుకున్నాను. జోహాన్ కంపెనీవాళ్ళ కిట్, అంటే విడి ప్లాస్టిక్ భాగాల్ని అతికించి చేసుకునేది; 1963 మోడల్. 1/25 స్కేల్, అంటే అసలు కారులో ఇరవై ఐదో వంతు. బల్ల మీద పెడితే జానెడు ఉంటుంది. ఎవరో పిల్లాడు కుంచెతో ఎర్ర ఎనామిల్ రంగు దట్టంగా పూశాడు, తలుపుల గీతలు సగం పూడిపోయాయి. ముందు అద్దం మీద జిగురు కారి పొగ పట్టినట్టుంది. వెనక ఎడమ రెక్క కొస విరిగింది. పైకప్పు మీద, డ్రైవర్ వైపు, ఒక చిన్న బొటనవేలి ముద్ర ఉంది. ట్యూబ్ జిగురు ప్లాస్టిక్‌ని కరిగించి అతికిస్తుంది కాబట్టి, జిగురంటిన వేలు ఎక్కడ ఆనితే అక్కడ ఆ ముద్ర అలాగే గట్టిపడిపోతుంది. దీపం కింద కొంచెం వంచి చూస్తే వేలి గీతలు లెక్కపెట్టొచ్చు.

ఇలా జిగురు ముద్దగా మారిన పాత మోడల్ కారుని ఇక్కడివాళ్ళు ‘గ్లూ బాంబ్’ అంటారు. నేనుండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన. ఈ బుల్లి కార్లు చేసిన కంపెనీలు ఉన్నదీ ఇక్కడే: ఏఎంటీ ట్రాయ్‌లో, ఎంపీసీ మౌంట్ క్లెమెన్స్‌లో, జోహాన్ డెట్రాయిట్‌లో. ఇప్పుడు అదే ట్రాయ్‌లో, నోవైలో, కాంటన్‌లో కార్ల కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్ళు ఎంతమందో. మన పక్కింటి గరాజ్‌లోనే ఇలాంటి డబ్బా ఉండొచ్చని వాళ్ళలో చాలామందికి తెలియదు.

క్యాడిలాక్ ఫొటో పంపితే హైదరాబాద్‌లో ఉన్న మా మేనల్లుడు ఒకటే అడిగాడు: “మామయ్యా, అంత కష్టపడే బదులు కొత్త కిట్ కొనుక్కోవచ్చు కదా?” వాడి దగ్గరా ఒక గ్లూ బాంబ్ ఉంది, నేనిచ్చిందే: ఏఎంటీ 1957 షెవర్లే బెల్ ఎయిర్. ఈ రెండు కార్లకీ నా జవాబు ఒకటి కాదు. తేడా ప్లాస్టిక్ భాగాలు పోసే అచ్చులో ఉంది.

1958లో ఏఎంటీ ‘త్రీ ఇన్ వన్’ కిట్లు తెచ్చింది. ఒకే డబ్బాలోని భాగాలతో మామూలు కారు, మార్పులు చేసిన కారు, రేసు కారు, మూడింట్లో ఏదైనా చేసుకోవచ్చు. ఏటా కొత్త కార్లు షోరూములకి వచ్చే వేళకి ఆ ఏడాది మోడళ్ళూ దుకాణాల్లో ఉండాలి. వాటిని ‘యాన్యువల్’ కిట్లంటారు. ఉక్కు అచ్చు చేయడానికి చాలా ఖర్చవుతుంది. అందుకని అసలు కారు ఆకారం పెద్దగా మారని ఏడాది, పాత అచ్చులోనే గ్రిల్, బంపర్, పక్క గీతలు మార్చి చెక్కి కొత్త ఏడాది కారు తీసేవారు. కొన్ని అచ్చుల్ని తర్వాత స్టాక్ కార్ రేసు బళ్ళుగా కోసేశారు. ఒకసారి చెక్కేశాక వెనక్కి రావడం లేదు. ఆ ఏడాది కారు కావాలంటే అప్పట్లో అచ్చైనవే దిక్కు. వాటిలో ఎక్కువ భాగం ఏ పదేళ్ళ పిల్లాడో ఒక మధ్యాహ్నం కూర్చుని అతికించేసినవే. విప్పని కిట్ దొరికినా, దాని ధర చూశాక కోసి వాడటానికి చెయ్యి రాదు. నా క్యాడిలాక్ ఆ కోవదే.

1957 షెవర్లే కథ వేరు. ఆ కిట్ అచ్చు బతికే ఉంది, మళ్ళీ మళ్ళీ మార్కెట్లోకి వస్తూనే ఉంది. ఏఎంటీ, ఎంపీసీ పేర్లు ఇప్పుడు రౌండ్ టూ అనే కంపెనీ చేతిలో ఉన్నాయి. ముప్పై డాలర్లు అటూ ఇటూ పెడితే తెల్లటి బాడీ, మెరిసే క్రోమ్, గీత పడని అద్దాలు, కొత్త డెకాల్స్ (బాడీ మీద అంటించే బొమ్మలు) ఇంటికొస్తాయి. అందుకే మంచి 57 షెవర్లే అలమరలో పెట్టుకోవాలనుకుంటే కొత్త కిట్టే మేలని వాడికి చెప్పాను. పాతదాన్ని బాగుచేయడానికి పట్టే లప్పం, రంగులు, రసాయనాల ఖర్చే దానికి దగ్గరగా వస్తుంది. కానీ నేర్చుకోవడానికి ఆ పాత షెవర్లే కంటే మంచి బండి దొరకదు. పాడైనా ప్రపంచంలో ఒకటి తగ్గినట్టు కాదు. క్యాడిలాక్ మీద చెయ్యి వేసే ముందు నేనూ అలాంటివి నాలుగు విప్పాను.

ఏమీ చేయకుండా, దుమ్ము తుడిచి అలాగే ఉంచడం కూడా ఒక దారే. మీ అన్నయ్యో, మీ నాన్నగారో చిన్నప్పుడు చేసిందైతే దాన్ని ముట్టుకోవద్దు. ఆ వంకర అతుకే దాని విలువ. ఇంకో రకాన్నీ ముట్టుకోవద్దు: 1950లలో షోరూములవాళ్ళు పంచిన ప్రోమో మోడళ్ళు. వాటిలో చాలా వాటిని సెల్యులోజ్ అసిటేట్‌తో చేశారు. ఆ ప్లాస్టిక్ ఏళ్ళు గడిచేకొద్దీ కుంచించుకుపోయి అరటి కాయలా వంగుతుంది. దాన్ని సరిచేయబోతే విరగడమే. ఇక పైకప్పు నలిగి, స్తంభాలు విరిగి, బాడీ కాలిపోయిన బళ్ళుంటాయి. అవి విడిభాగాలకి పనికొస్తాయి. నా డబ్బాలో మూడు ఉన్నాయి. ఒకదాని స్టీరింగే ఇప్పుడు క్యాడిలాక్‌లో ఉంది.

విప్పి బాగుచేయాలని నిశ్చయించుకున్నవాళ్ళకి అసలు టెన్షన్ రెండు చోట్ల: అతుకు ఊడదీయడం, రంగు ఊడదీయడం.

అతుకుకి నేను మొదట ఫ్రీజర్‌నే నమ్ముతాను. బండిని కవర్లో చుట్టి రాత్రంతా ఉంచితే జిగురు పెళుసవుతుంది. ముఖ్యంగా సూపర్ గ్లూ అతుకులు చిన్న దెబ్బకే టక్కున విడిపోతాయి. ట్యూబ్ జిగురు పలచగా ఉన్నచోట పలచని బ్లేడు దూర్చి, కొంచెం కొంచెంగా తిప్పుతూ పోవాలి. ముద్దగా పడినచోట అది అతుకు కాదు, రెండు ముక్కలూ కలిసి ఒకే ప్లాస్టిక్ అయిపోయాయి. అక్కడ సన్నటి రంపంతో కోయాల్సిందే. ముందు ఇరుసు కడ్డీలు లాగి చక్రాలు తీయాలి, తర్వాత అడుగు భాగం, తర్వాత సీట్లు, చివర్లో అద్దాలు. ఆఖరి ముక్క దగ్గర ఓపిక నశించి లాగితే అద్దం పగులుతుంది. అన్ని ముక్కల్లోకీ మళ్ళీ దొరకనిది అదే. క్యాడిలాక్ అద్దం తీయడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది.

రంగు ఊడదీయడానికి నేను వాడి చూసినవి మూడు: ఐసోప్రొపైల్ ఆల్కహాల్, బ్రేక్ ఆయిల్, కాస్టిక్. మూడోదానికి ఇక్కడ కాస్టిక్ సోడా కలిసిన, జిడ్డు వదిలించే ఊదారంగు డీగ్రీజర్ దొరుకుతుంది.

ఆల్కహాల్ 91 శాతమో 99 శాతమో ఉండాలి. 70 శాతంతో పని సాగదు, అందులో నీళ్ళెక్కువ. మూత ఉన్న డబ్బాలో ఒక రాత్రి నానబెడితే ఆక్రిలిక్ రంగు, కొన్ని రకాల లక్కర్ రంగులు ముడతలు పడి లేస్తాయి. పాత టూత్ బ్రష్‌తో రుద్దితే చాలు. వాసన తక్కువ, బాడీకి హాని తక్కువ. అయితే త్వరగా అంటుకుంటుంది, పొయ్యి దగ్గరికి తేవద్దు. అద్దాలు మాత్రం ఇందులో వేయకండి, సన్నటి పగుళ్ళు రావచ్చు. దీని బలహీనతల్లా పాత ఎనామిల్. అరవై ఏళ్ళు ఎండిన ఆ ఎర్ర పూత రెండు రోజులకీ కదల్లేదు.

బ్రేక్ ఆయిల్ ఏ ఆటో స్పేర్స్ కొట్లోనైనా దొరుకుతుంది. డాట్ 3 అని అడిగితే ఇస్తారు. ఎనామిల్ మీద బాగా పనిచేస్తుంది. కానీ ఎక్కువ రోజులు ఉంచితే ప్లాస్టిక్ పెళుసవుతుందని నా చేతులారా చూశాను. ఒక ఫోర్డ్ బాడీని వారం వదిలేస్తే కడిగేటప్పుడు పైకప్పు స్తంభం విరిగింది. పైగా అది విషం, వాడినదాన్ని కాలవలో పోయకూడదు. ఈ మూడింట్లో నేను మానేసింది ఇదే.

ఎర్ర ఎనామిల్‌ని దించింది కాస్టిక్కే. ఒక రోజు ఉంచేసరికి పూత తోలులా ఊడి వచ్చింది, కింద జోహాన్ వాళ్ళ సన్నటి గీతలు, క్యాడిలాక్ పేరు అక్షరాలతో సహా బయటపడ్డాయి. ఈ కిట్ల ప్లాస్టిక్ పాలీస్టైరీన్, దానికి కాస్టిక్‌తో భయం లేదు, ఇంకో రెండు రోజులున్నా ఏం కాదు. భయం మనకే. గ్లవ్స్, కళ్ళజోడు లేకుండా ముట్టుకోవద్దు. ఆ డీగ్రీజర్ హైదరాబాద్‌లో దొరకలేదని మా వాడన్నాడు. కాస్టిక్ సోడా పలుకులు దొరుకుతాయి కదా, లీటరు చల్లటి నీళ్ళకి రెండు చెంచాలు చాలు. నీళ్ళలో సోడా వేయాలి. సోడా మీద నీళ్ళు పోస్తే ఉడికి మీదికి చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె వాడకూడదు, దాన్ని తినేసి మండే వాయువు వదులుతుంది. ప్లాస్టిక్ బకెట్ చాలు. బంపర్ల మీది క్రోమ్ కూడా పలచని అల్యూమినియం పొరే కాబట్టి కాస్టిక్‌లో నిమిషాల్లో పోతుంది. నిలుపుకోవాలనుకున్న క్రోమ్‌ని ముందే పక్కన పెట్టుకోండి.

కాబట్టి నా లెక్క ఇది: ఏ రంగో తెలియకపోతే ముందు ఆల్కహాల్, దానికి లొంగకపోతే కాస్టిక్. అసిటోన్, లక్కర్ థిన్నర్ మాత్రం బాడీ దరిదాపులకి రాకూడదు. అవి రంగుతోపాటు కారునీ కరిగిస్తాయి. ఇంట్లో డెటాల్ ఉంటే అదీ కొంత పనిచేస్తుంది. అయితే వెంటనే నీళ్ళతో కడిగితే తెల్లటి జిడ్డుగా అంటుకుంటుంది. ముందు డెటాల్‌తోనే తుడిచి, తర్వాత కడగాలి.

తర్వాతి పని లప్పం. చిన్న గుంటలకి ట్యూబ్ లప్పం సరిపోతుంది. రెండు రోజులు ఎండనివ్వాలి, తొందరపడితే తర్వాత కుంగుతుంది. రెక్క కొస లాంటి చోట మాత్రం కిట్ ఫ్రేమ్ (భాగాలు అతుక్కుని వచ్చే చట్రం) ముక్కల్ని లిక్విడ్ సిమెంట్ అనే పలచని జిగురులో కరిగించి పొరలు పొరలుగా పెట్టడమే మేలు. ఎండాక అదీ అదే ప్లాస్టిక్, ఉప్పు కాగితం రెండు చోట్లా ఒకేలా కోస్తుంది. లప్పం మెత్తగా, ప్లాస్టిక్ గట్టిగా ఉంటే అంచు దగ్గర పల్లం పడుతుంది, రంగు వేశాక అదే కనిపిస్తుంది. అద్దాన్ని 600 నంబరు ఉప్పు కాగితంతో తడిపి మొదలుపెట్టి 1000, 2000 దాకా వెళ్ళి, చివర్లో టూత్‌పేస్ట్‌తో బట్ట మీద రుద్దాను. జిగురు లోతుగా తిన్న ఒక మూల మిగిలింది, మిగతాదంతా తేటపడింది. పాత ఎరుపు ప్లాస్టిక్‌లోకి ఇంకి, పైన వేయబోయే తెలుపు రంగులోంచి గులాబీగా పైకి తేలే ప్రమాదం ఉంది. అందుకని ప్రైమర్ (మొదటి పూత) కింద ఒక పూత వెండి రంగు వేశాను.

క్రోమ్ విషయంలో ఇంకా తేల్చుకోలేదు. బేర్ మెటల్ ఫాయిల్ (అంటించే పలచని లోహపు రేకు) పక్క గీతలకి బాగుంటుంది, గుండ్రటి బంపర్ మీద ముడతలు పడుతుంది. క్రోమ్ పెన్ను బంపర్‌కి నయం, కానీ చేతితో తాకితే మెరుపు తగ్గుతుంది.

బొటనవేలి ముద్రని తీసేయక తప్పలేదు, పైకప్పు మధ్యలో అది ఉంటే ఏ రంగూ నిలవదు. కానీ అడుగు భాగాన్ని తిరగేస్తే, ఇంజన్ వెనక, అదే పిల్లాడి వేలు మరోచోట పడి ఉంది. అక్కడ లప్పం పెట్టలేదు, ఉప్పు కాగితం తగలనివ్వలేదు. నల్ల రంగు పలచగా వేశాను, గీతలు ఇప్పటికీ కనిపిస్తున్నాయి. ఎడమ రెక్క మూడో పొర ఎండుతోంది. శనివారం దానికి కొస తీర్చాలి.